ఖాసిం వలి చేతి బోణీ

కర్నూలు పాత ఊర్లో పుస్తకాల ఖాసిం వలి తెలియనివాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళలో ఆయన చేత తిట్లు తిననివాళ్ళు ఇంకా తక్కువ. బురుజు దాటి రెండో సందులోకి తిరిగితే ఆయన దుకాణం. మనిషి పొట్టి, కోపం మాత్రం ఎప్పుడూ ముక్కుమీదే ఉండేది. ఎవరైనా వచ్చి కొత్త నవల అడిగితే, "పోయిన తూరి తీస్కపోయింది చదివినావా, అలమరలో పెట్టినావా?" అని నిలదీసేవాడు. చదవలేదంటే కొత్తది ఇచ్చేవాడు కాదు. చేతిలో డబ్బు పట్టుకుని నిలబడినవాడికి సరుకు అమ్మనని మొండికేసే వ్యాపారిని ఇంకెక్కడైనా చూపించండి చూద్దాం.

అంత కోపిష్టి దగ్గరికి జనం ఎందుకు వచ్చేవాళ్ళంటే, ఎవరికి ఏ పుస్తకం సరిపోతుందో ఆయనకు తెలుసు. కొత్త పుస్తకం వచ్చిందంటే ముందు తాను మొదలు నుంచి చివరిదాకా చదివేవాడు. చదివాక ఇది ఫలానా టీచరుకు, ఇది ఫలానా టైలరుకు అని పేరు రాసిన చీటీ పెట్టి పక్కన ఉంచేవాడు. ఆ మనిషి ఆరు నెలలకు వచ్చినా ఆ పుస్తకం అక్కడే ఉండేది.

ఆ దుకాణానికి ఇంకో ఆచారం ఉండేది. చుట్టుపక్కల ఎవరు పుస్తకం అచ్చేసుకున్నా తొలి కట్ట అక్కడే విప్పాలి. ఆదివారం పొద్దున పది గంటలకు పాఠకులంతా చేరేవాళ్ళు. రాసినవాడు దారం తెంపి, పైనున్న పుస్తకం తీసి ఖాసిం చేతిలో పెట్టేవాడు. ఖాసిం వెనకట్ట మీద వెల చూసి, ఒక్క రూపాయి తగ్గించకుండా, తన జేబులోంచి తీసి రాసినవాడి అరచేతిలో పెట్టేవాడు. అదీ బోణీ. ఊరికే ఇస్తానంటే మండిపడేవాడు. ఖాసిం చెయ్యి మంచిదని ఊరంతా పేరు. నిజం చెప్పాలంటే ఆ చేత్తో బోణీ అయిన పుస్తకాల్లో సగం అటక మీదే ముసలివైపోయాయి. అయినా ఆ పేరు పోలేదు. ఆ నోటు ఖర్చు పెట్టకుండా అద్దం కట్టించి గోడకు తగిలించుకున్న కవులు నందికొట్కూరులో ఇప్పటికీ ఉన్నారు.

ఇదంతా ఒకప్పుడు. ఇప్పుడు బడి పుస్తకాలు బడిలోనే అమ్ముతున్నారు. పోటీ పరీక్షల గైడ్లు ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి వెళ్ళిపోతున్నాయి. కథలూ నవలలూ కావాలనేవాళ్ళు ఇంట్లో కూర్చుని బొటనవేలితో కొంటున్నారు. ఖాసింకు మిగిలింది పంచాంగాలు, తెల్లకాగితాలు, ఆయన తిట్లకు అలవాటుపడిన ఒక ముప్పైమంది పాఠకులు. పుస్తకాల బరువు ఎత్తి ఎత్తి నడుము కూడా పోయింది. ఆయన భార్య రుఖియా ఏడాది నుంచి చెవినిల్లు కట్టుకుని చెబుతూ ఉంటే చివరికి లొంగి, ఉగాదికి దుకాణం ఖాళీ చేస్తానని గది యజమానికి మాటిచ్చాడు.

"ఒగ పనుండాది రుఖియా," అన్నాడు ఆ రోజు. "హనుమేషు పుస్తకానికి బోణీ చేసినాక షట్టరు దించేస్తా. ఈ చేత్తో ఆఖరి బోణీ వానిదే కావాల."

హనుమేష్ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు. ముప్పై ఏళ్ళు నందికొట్కూరు పల్లెవెలుగు బస్సులోనే తిరిగాడు. వయసులో ఉన్నప్పుడు రెండు ట్రిప్పుల మధ్య ఉన్న ఖాళీలో, తోలుసంచి భుజానే ఉంచుకుని ఖాసిం దుకాణంలో నిలబడి చదివేవాడు. ఒక నవలను నలభై రోజులు అలా నిలబడే ముగించాడు. చివరి రోజున ఖాసిం పట్టుకున్నాడు.

"కొనకుండా చదివితే చదువు. నా పుస్తకం మూల మడిస్తే మాత్రం చెయ్యి విరగ్గొడతా," అన్నాడు.

ఆ తిట్టుతో మొదలైన స్నేహం అది. హనుమేష్‌కు వచ్చే జీతంలో ఇంత అని పుస్తకాలకు పోయేది. రిటైరయ్యాక ఆయనే ఒక నవల మొదలుపెట్టాడు. తన బస్సెక్కిన మనుషుల గురించి, ఎక్కినవాళ్ళు మాట్లాడినట్టే రాశాడు. పేరు 'చిల్లర లేదు'. ఎనిమిదేళ్ళు పట్టింది. వారానికి నాలుగు పేజీలు రాసి తెచ్చేవాడు. కాగితాల కట్ట మీద కూర్చుని ఖాసిం చదివేవాడు. ఈ ముక్క బాగుండాది, ఈ ముక్క గొప్పలకు పోయినావు తీసెయ్, అనేవాడు. హనుమేష్ తీసేసేవాడు. ఇంట్లోవాళ్ళ పేర్లకంటే ఆ నవలలోని పేర్లే ఇద్దరికీ ఎక్కువ నోట్లో ఆడేవి.

రాయడం అయ్యాక ఊర్లోనే అచ్చేయించుకుంటానన్నాడు హనుమేష్. ఖాసిం ఒప్పుకోలేదు.

"ఈడ వేస్తే ఐదువందలు నీ మంచం కింద పడుంటాయప్పా. నా అటక జూడు, ఎంతమంది కవులు పండుకోనుండారో. నీది అట్ల కాగూడదు. హైదరాబాదుకు పంపు. పదిమంది చదవాల."

పేపర్లో చూసిన నంబరుకు ఖాసిమే ఫోను చేశాడు. కొత్తగా పెట్టిన ప్రచురణ సంస్థ. వాళ్ళకు నవల నచ్చింది. నచ్చిందన్న కబురు తెలిసిన రోజున దుకాణానికి వచ్చినవాళ్ళెవరికీ తిట్లు పడలేదు.

అయితే వాళ్ళ పద్ధతి వేరు. పాఠకులు ఎంతమంది అడిగితే అన్ని కాపీలు అచ్చేసి నేరుగా ఇళ్ళకు పంపుతారు. అంగళ్ళకు వెయ్యరు. అమ్ముడుపోక తిరిగొచ్చే పుస్తకాలు పెట్టుకోవడానికి వాళ్ళకు చోటు లేదట. వాళ్ళను తప్పుపట్టడానికేం లేదు, ఖాసిం అటక చూసినవాళ్ళెవరైనా అదే అంటారు. కానీ ఖాసింకు తెలిసిన లోకంలో పుస్తకం వేసేవాడంటే పార్సిలు పంపేవాడు. వేసినవాడు అంగడికి పంపడన్న సంగతి ఆయనకు కలలోనైనా తోచలేదు. తోచని సంగతి ఎవరిని అడుగుతాడు?

అందుకే ముప్పైమందికీ ముందే చాటింపు వేసేశాడు. "మార్చి తొలి ఆదివారం హనుమేషు పుస్తకానికి బోణీ. ఎవురూ ఇంగ యాడా కొనొద్దు. ఈడికే వచ్చాది." ముప్పై చీటీలు రాశాడు. వాకిట్లోని బల్ల మీద పంచాంగాలు తీసేసి, తడిగుడ్డతో తుడిచి, ఖాళీగా ఉంచాడు. ఆ పొద్దుకు ముప్పైమందికి ఉగ్గాని, బజ్జీలు చెప్పాడు. కూతురి పెళ్ళికి కూడా ఆ మనిషి అంత హడావిడి పడలేదని రుఖియా ఎకసెక్కం చేసింది.

శనివారం హనుమేష్ ఫోను చేశాడు. "పార్సిలు లేటయితాదంట అన్నా," అన్నాడు. గొంతు సరిగా లేదు. ఖాసిం అది గమనించలేదు. "లేటయితే లేటు. వచ్చే ఆదివారం పెట్టుకుందాం," అని ఉగ్గాని వద్దని చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం కొరియరు అతను బండి ఆపి, ఏడు ప్యాకెట్లు తెచ్చి ఆ తుడిచిన బల్ల మీదే పెట్టాడు.

"ఈ సందుల్లో ఇండ్లు దొరకవు సార్. అందరూ మీ అంగడి పేరే గుర్తు రాసినారు. మీకు ఈళ్ళంతా తెలుసంట గదా. వచ్చినోళ్ళకు ఇచ్చి సంతకం పెట్టించండి సార్, మీకు పుణ్యముంటాది," అని వెళ్ళిపోయాడు.

ఖాసిం కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. ప్రతి ప్యాకెట్ మీదా ఒక పేరు. ఏడు పేర్లూ తాను చీటీలు రాసిన పేర్లే. కింద చిన్న అక్షరాలతో, చిల్లర లేదు, ఒకటి. ఏడింటి మీదా అదే. ఒక్కదాని మీదా తన పేరు లేదు. చాలాసేపు వాటిని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. విప్పడానికి అవి తనవి కావు.

సాయంత్రం కృపమణి వచ్చింది. గర్ల్స్ హైస్కూల్లో టీచరు, ఇరవై ఏళ్ళ నుంచి ఖాసిం దగ్గర పుస్తకాలు కొంటున్న మనిషి. బల్ల మీదున్న ప్యాకెట్ చూసేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"సార్, వాళ్ళు షాపులకు ఇయ్యరంట సార్. హనుమేష్ సారు చెప్పినాడు. మీతో చెప్పేదానికి ఆయనకు నోరు రాలేదంట. మేమైనా కొనకపోతే ఆయన మనసు చిన్నబుచ్చుకుంటాడని..."

"సంతకం పెట్టమ్మా," అన్నాడు ఖాసిం.

ఆమె సంతకం పెట్టి, ప్యాకెట్‌ను పైట కింద దాచుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. శనివారం లోపల మిగిలిన ఆరుగురూ వచ్చి తలలు వంచుకుని తీసుకుపోయారు. ఖాసిం ఎవరినీ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే వాళ్ళకు కాస్త తేలికయ్యేది.

సోమవారం పొద్దున హనుమేష్ వచ్చాడు. చేతిలో గుడ్డసంచి ఉంది. మెట్టు కిందే నిలబడ్డాడు.

"అన్నా."

ఖాసిం తల ఎత్తలేదు. "పార్సిలు ఇంగా లేటయితాందా?"

హనుమేష్ సంచిని చేతులు మార్చుకున్నాడు. "చెప్పేదానికి మొగం చెల్లలేదన్నా. నువ్వు బల్ల తుడ్చి పెట్టుకోని ఉంటివి. ఎట్ల చెప్పల్ల?"

"కృపమణికి తెలుసు. కొరియరోనికి తెలుసు. ఊరికంతా తెలుసు. నాకు దప్ప. నీ పుస్తకాలు కూలోని మాదిరి పంచినానప్పా ఈడ కూచోని. సంతకాలు గూడా పెట్టిచ్చినా."

"అన్నా, ఒగసారి ఇది జూడు..." హనుమేష్ సంచిలో చెయ్యి పెట్టాడు.

"తీయొద్దు. ఈడ పెట్టొద్దు. ఊరికే ఇచ్చేది నేను తీసుకోనని నీకు తెల్దా?"

"ఊరికే కాదన్నా, నేను చెప్పేది..."

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. కానీ నాలుగు రోజులుగా లోపల కుళ్ళిన మాట బయటికి వచ్చేసింది.

"నీకు పుస్తకాలు చూపించింది నాది తప్పు. టికెట్లు చింపుకుంటా ఉండాల్సినోడివి."

 హనుమేష్ సంచిలోంచి చెయ్యి తీసి, ఆ చేత్తోనే దాన్ని ఛాతీకి పట్టుకుని సందు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్న మరుక్షణమే ఖాసింకు తప్పు తెలిసింది. లేచి పిలవాలనుకున్నాడు. లేవలేదు. ఆరుపదులు దాటినా పౌరుషం పోలేదు మనిషికి.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళితే రుఖియా ఆయన ముందు అన్నం తట్ట పెట్టి ఎదురుగా కూర్చుంది.

"హనుమేషన్న వచ్చిన్యాడా?"

"వచ్చినాడు."

"విప్పినారా?"

"ఏంది విప్పేది?"

రుఖియా ఆయన మొహంలోకి చూసింది. "ఆయన పెండ్లాం ఉరుకుందమ్మ నాకు నిన్ననే ఫోను చేసిండ్య. రాసినోనికని ఐదు కాపీలు పంపించినారంట. వచ్చి పది దినాలాయ. హనుమేషన్న ఇంతవరకు విప్పలేదంట. ఇంట్లో ఎవుర్నీ తాకనీలేదంట. 'జనం కొన్నవి వాళ్ళయి. ఈ ఐదూ నావి. వీటికి ఇంగా బోణీ కాలేదు. ఖాసిమన్న చేత్తోనే కావల్ల' అని దేవుని పటాల ముందర పెట్టుకున్యాడంట. ఊరంతా చూసింది ఆ పుస్తకాన్ని. రాసినోడే చూసుకోలే."

ఖాసిం కలిపిన ముద్ద తట్టలోనే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని, మార్చి ఎండలో తలకు గుడ్డ కూడా లేకుండా బయటపడ్డాడు. రుఖియా వెనకనుంచి పిలుస్తున్నా వినిపించలేదు. హనుమేష్ ఉండే కల్లూరుకు షేర్ ఆటో ఎక్కాడు. దారి పొడుగునా జేబులో డబ్బును తడుముకుంటూనే ఉన్నాడు. బోణీకి చిల్లర సరిగ్గా ఉందా లేదా అని అదొక్కటే ధ్యాస. క్షమించమని ఎలా అడగాలో ఆయనకు తెలియదు, ఎన్నడూ అడిగినవాడు కాదు. కట్ట విప్పి డబ్బు చేతిలో పెడితే వాడే అర్థం చేసుకుంటాడనుకున్నాడు.

హనుమేష్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. పక్కన చించిన అట్టపెట్టె పడి ఉంది. అది చూశాక ఖాసిం వాకిట్లోనే ఆగిపోయాడు.

"రాన్నా. ఎండలో నిలబడతావేంది?" అన్నాడు హనుమేష్.

"విప్పినావా?"

"విప్పలేదన్నా. వేరేవాళ్ళు విప్పినారు."

ఖాసిం అరుగు మీద కూలబడ్డాడు. హనుమేష్ జరిగింది చెప్పాడు. పొద్దున ఆ సందులోంచి బయటికి వచ్చి కల్లూరు ఆటో ఎక్కాడట. ఎదుటి సీట్లో దస్తగిరమ్మ ఉంది. నందికొట్కూరు పక్క పల్లె నుంచి చింతపండు గంప పెట్టుకుని ఇరవై ఏళ్ళు ఆయన బస్సులోనే కర్నూలుకు వచ్చిన మనిషి.

"ఏమి కండక్టరప్పా, మొగం అట్లుండాది? సంచిలో ఏముండాయి, అని అడిగెనన్నా. పుస్తకాలమ్మా, నేనే రాసినా అంటి. అమ్మేదానికి పోతాండావా అనె. పోయినా గానీ బోణీ కాలేదంటి. ఆ మాట అంటానే ఆయమ్మ అట్టపెట్టె నా ఒళ్ళోనుంచి గుంజుకున్యాది. 'పొద్దెక్కినా బోణీ కాకపోతే ఎట్లప్పా, నేను జేస్తా ఉండు' అని పండ్లతో దారం తెంపె. నువ్వు ఇందులో ఉండావమ్మా, నీ గంప గురించి రాసినా, గానీ నీకు చదువు రాదు గదా అంటి. 'బోణీకి చదువెందుకప్పా' అనె. ఒగ పుస్తకం తీసుకోని, కొంగుముడి విప్పి దుడ్లు నా చేతిలో పెట్టె."

 హనుమేష్ తల వంచుకుని పుస్తకం అట్టను నిమిరాడు.

"నువ్వన్నది నిజమేమో అనుకుంటా ఆటో ఎక్కినానన్నా. టికెట్లు చింపుకునేటోనికి ఇదెందుకనుకున్యా. ఆయమ్మ దుడ్లు ఇచ్చేదాంక అదే మనసులో తిరుగుతా ఉండ్య."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఖాసిం తట్టుకునేవాడు.

"మంచి చెయ్యప్పా ఆయమ్మది," అన్నాడు ఖాసిం.  తరువాత ఏడ్చాడు. ఊరినంతా తిట్టిన పెద్దమనిషి వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని ఏడ్చాడు. లోపలినుంచి ఉరుకుందమ్మ గడపదాకా వచ్చి, చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

"ఊర్లో ప్రతి పుస్తకానికీ తొలి చెయ్యి నాదేనని ఇన్నేండ్లు మురిసిపోయినా హనుమేషూ. నువ్వు నాకోసం పది దినాలు పెట్టుకోనుంటే, నేనేమో తీయొద్దంటి. లోకం మారిపోయిందని లోకాన్ని తిట్టుకుంటా కూచున్యా. ఇది మాత్రం లోకం చేసింది కాదప్పా. నేను చేసుకున్యా."

"పోనీలే అన్నా. మళ్ళా పెట్టెలో కట్టి ఆదివారం తీసుకొస్తా. అందర్నీ పిలుస్తాం. అందరి ముందరా నువ్వే..."

"బోణీ రెండు తూర్లు కాదప్పా," అన్నాడు ఖాసిం.

మిగిలిన నాలుగింటిలో ఒకటి తీసుకున్నాడు. వెల చూసి, జేబులోని డబ్బు తీసి హనుమేష్ అరచేతిలో పెట్టాడు.  హనుమేష్ వద్దనలేదు. వద్దంటే ఆ మనిషి ఏమైపోతాడో అతనికి తెలుసు. సాయంత్రందాకా ఇద్దరూ ఆ అరుగు మీదే కూర్చున్నారు. ఖాసిం దస్తగిరమ్మ ఉన్న అధ్యాయం మొత్తం చదివాడు. ఎన్నోసారో చదువుతున్నాడు కానీ అచ్చులో అదే మొదటిసారి.

ఉగాదికి నాలుగు రోజుల ముందు దుకాణం ఖాళీ చేశాడు. అటక మీది కవులను వాళ్ళ వాళ్ళ ఇళ్ళకు చేర్చాడు, మిగిలినవి గ్రంథాలయానికి ఇచ్చాడు. సామాను సర్దుతుంటే పాఠకులు ఒక్కొక్కరే వచ్చారు. అందరూ అదే అడిగారు, హనుమేష్ పుస్తకానికి బోణీ ఎప్పుడని. అయిపోయింది, దస్తగిరమ్మ చేసింది, అని అందరికీ ఒకటే జవాబు చెప్పాడు. దస్తగిరమ్మ ఎవరని అడిగినవాళ్ళకు ఆమె గంప గురించి, ఆటో గురించి, కొంగుముడి గురించి ఓపిగ్గా చెప్పాడు. హనుమేష్ ఆ పొద్దున ఆ ఆటో ఎందుకు ఎక్కాల్సి వచ్చిందో మాత్రం ఒక్కరికి కూడా చెప్పలేకపోయాడు.